పిల్లల దగ్గర ఆరు నెలలు: తక్కువ ఖర్చుతో గోల్ఫ్ ఆడే దారి చెప్పండి

మహేంద్రతనయ (పర్లాకిమిడి)

అందరికీ నమస్కారం. సైన్యంలో పనిచేసి రిటైరై సొంత ఊళ్లో స్థిరపడ్డాను. కంటోన్మెంట్లలో ఉన్నన్నాళ్లూ సాయంత్రాలు గోల్ఫ్ ఆడేవాణ్ణి. ఇక్కడికి వచ్చాక ఆట దూరమైపోయింది. ఆడాలంటే విశాఖ ఈస్ట్ పాయింట్ క్లబ్బుకైనా వెళ్లాలి, భువనేశ్వర్ అయినా వెళ్లాలి. రెండూ మాటిమాటికీ వెళ్లొచ్చే దూరాలు కావు.

ఏప్రిల్‌లో మా అబ్బాయి దగ్గరికి వెళ్తున్నాం. న్యూయార్క్ పక్కన లాంగ్ ఐలాండ్‌లో ఉంటాడు. అక్టోబరులో తిరిగి వస్తాం. అబ్బాయీ కోడలూ ఉద్యోగాలకు పోతే పగలంతా ఖాళీ. మనవడికి పదేళ్లు, వాడికీ ఆట నేర్పాలని ఉంది. కానీ నాది పెన్షన్ జీవితం. నా సరదా ఖర్చు అబ్బాయి మీద వేయడం నాకు ఇష్టం లేదు. అమెరికాలో గోల్ఫ్ అంటే వేల డాలర్లు కట్టి మెంబరు కావాలని ఇక్కడ అందరూ అంటున్నారు. నిజమేనా? నా పాత క్లబ్బుల (ఆడే కర్రల) సెట్టు మోసుకెళ్లాలా? అనుభవం ఉన్నవాళ్లు కాస్త వివరంగా రాయండి.

సిల్క్‌సిటీ (బరంపురం)

అన్నగారూ, ముందు ఆ భయం తీసేయండి. మెంబర్‌షిప్ క్లబ్బులు ఉన్నాయి, వాటి జోలికి మనం పోనక్కర్లేదు. అమెరికాలో ఊరి మునిసిపాలిటీ, కౌంటీ (మన జిల్లాలాంటిది), రాష్ట్ర ప్రభుత్వం నడిపే కోర్సులు, అంటే గోల్ఫ్ మైదానాలు, బోలెడు. పార్కులాగే అవీ ప్రజల సొత్తు. ఎవరైనా వెళ్లి గ్రీన్ ఫీజు, అంటే ఆ ఒక్క ఆటకు రుసుము, కట్టి ఆడొచ్చు. నేను న్యూజెర్సీలో ఉద్యోగం చేసిన రోజుల్లో ఆడిందంతా ఇలాంటి చోట్లే.

మీరు వెళ్లే లాంగ్ ఐలాండ్‌లోనే బెత్‌పేజ్ స్టేట్ పార్కు ఉంది. ప్రభుత్వ పార్కు, అందులో అయిదు కోర్సులు: బ్లాక్, రెడ్, బ్లూ, గ్రీన్, యెల్లో. బ్లాక్ మీద 2002లో, 2009లో యూఎస్ ఓపెన్ అనే పెద్ద పోటీ జరిగింది, 2025లో రైడర్ కప్ పోటీ కూడా అక్కడే. టీ టైమ్ (ఆట మొదలెట్టే వంతు) కోసం రాత్రంతా కారులో పడుకునే జనం ఉంటారు. ఇది చాలా కష్టమైన కోర్సు, బాగా ఆడేవాళ్లకే అని మొదటి టీ (ఆట మొదలెట్టే చోటు) దగ్గర బోర్డే పెట్టారు. చాలాకాలం తర్వాత క్లబ్బు పట్టే మీరు మాత్రం యెల్లో, గ్రీన్‌లతో మొదలెట్టండి. అక్కడికి దగ్గర్లోనే నాసో కౌంటీవాళ్ల ఐసెన్‌హోవర్ పార్కులో ఇంకో మూడు కోర్సులున్నాయి.

ఇక్కడ ఒక సంగతి ముందే తెలుసుకోండి. ఇలాంటి కోర్సులు చాలావాటికి రెండు రేట్లు ఉంటాయి. స్థానికులకు ఒకటి, బయటివారికి ఒకటి. బెత్‌పేజ్ బ్లాక్‌లో బయటివారి రేటు చాలా ఎక్కువ. స్థానికుడని చూపించాలంటే ఆ రాష్ట్రం ఇచ్చిన గుర్తింపు కార్డు కావాలి. విజిటర్ వీసా మీద వెళ్లిన మనకు అది ఉండదు. మీ అబ్బాయి కార్డు అబ్బాయికే పనిచేస్తుంది. కొన్ని కౌంటీల్లో పాసు ఉన్నవారు వెంట తెచ్చే అతిథికి వేరే రేటు ఉంటుంది. కాబట్టి కౌంటర్ దగ్గర నోరు తెరిచి అడగండి, మొహమాటపడొద్దు.

ఇక అసలు ఆదా అంతా వేళలో ఉంది. శని, ఆదివారాల పొద్దున్న అన్నిటికన్నా ఖరీదు. వారం మధ్యలో మధ్యాహ్నం దాటాక ట్విలైట్ రేటు అనే తగ్గింపు మొదలవుతుంది. కోర్సును బట్టి రెండు గంటలకో, నాలుగు గంటలకో. జూన్‌లో న్యూయార్క్‌లో రాత్రి ఎనిమిదిన్నర దాకా వెలుతురు ఉంటుంది. నాలుగింటికి దిగినా హాయిగా తొమ్మిది హోల్స్ (బంతి వేయాల్సిన గుంతలు, పూర్తి ఆటకు పద్దెనిమిది) ఆడి, ఓపిక ఉంటే ఇంకో నాలుగైదు ఆడొచ్చు. మీ చేతిలో ఉన్నది ఖాళీ సమయం. ఉద్యోగస్తులకు దొరకనిది అదే. దాన్నే వాడుకోండి.

గుణుపురం_గుమ్మం (గుణుపురం, ప్రస్తుతం ఎడిన్‌బరా)

బాబాయిగారూ, నేను చదువు కోసం స్కాట్లాండ్‌లో ఉన్నాను. మీరు అమెరికా అడిగారు గానీ, ఈ చర్చను వేరే దేశాలకు వెళ్లేవాళ్లూ చదువుతారని రాస్తున్నాను.

ఎడిన్‌బరా నడిబొడ్డున బ్రంట్స్‌ఫీల్డ్ లింక్స్ అనే మైదానం ఉంది. వేసవిలో అక్కడ చిన్న హోల్స్ కోర్సు ఉంటుంది. పూర్తిగా ఉచితం. టికెట్టు లేదు, బుకింగ్ లేదు. ఒక వెడ్జ్ (బంతిని పైకి లేపే క్లబ్బు), ఒక పట్టర్ (బంతిని గుంతలోకి దొర్లించే క్లబ్బు), ఒక బంతి ఉంటే చాలు. నేను గోల్ఫ్ మొదటిసారి పట్టుకుంది అక్కడే. జూన్‌లో ఇక్కడ రాత్రి పదింటి దాకా వెలుతురే, క్లాసులు అయ్యాక వెళ్లినా టైమ్ మిగులుతుంది.

సెయింట్ ఆండ్రూస్ పేరు వినగానే అందరూ డబ్బు గురించి భయపడతారు. ఓల్డ్ కోర్సు సీజన్‌లో 300 పౌండ్లు దాటిన మాట నిజం. కానీ ఆ పక్కనే బాల్‌గోవ్ అని తొమ్మిది హోల్స్ కోర్సు ఉంది, హ్యాండికాప్ (ఆటగాడి స్థాయి చెప్పే నంబరు) కాగితం అడగరు, ఖర్చు చాలా తక్కువ. ఇంకోటి, 1867లో మొదలైన లేడీస్ పట్టింగ్ క్లబ్బువాళ్ల పచ్చిక ఉంది, ఎత్తుపల్లాలుగా ఉంటుంది కాబట్టి దాన్ని హిమాలయాస్ అంటారు. కొద్ది పౌండ్లిచ్చి ఎవరైనా పట్టింగ్ చేయొచ్చు. ఆదివారం ఓల్డ్ కోర్సులో మామూలుగా ఆట ఉండదు, ఊరి జనం కుక్కల్ని తీసుకుని దాని మీద నడుస్తుంటారు. ఆ రోజు వెళ్లి పద్దెనిమిదో హోల్ దాకా నేనూ నడిచాను, పైసా ఖర్చు లేకుండా. గోల్ఫ్ ఇష్టపడే ఎవరికైనా ఆ నడక దక్కాలి.

మహేంద్రతనయ (పర్లాకిమిడి)

అమ్మా, నువ్వు రాసింది చదువుతుంటే అక్కడికే వెళ్లాలనిపించింది. సిల్క్‌సిటీ తమ్ముడూ, ట్విలైట్ సంగతి నాకు తెలియదు, చాలా ఉపయోగం. క్లబ్బుల మాట ఎవరూ చెప్పలేదు.

రాయగడ_మిల్లుకాలనీ (రాయగడ)

మోసుకెళ్లకండి. గోల్ఫ్ బ్యాగు కూడా చెక్-ఇన్ సామాను లెక్కలోకే వస్తుంది. మనిషికి రెండు పెట్టెలిస్తే ఒకటి దానికే పోతుంది. మీ ఆవిడ ఆవకాయ, కందిపొడి, వడియాలు, మనవడికి కొన్న బట్టలు ఎక్కడ పెడతారు? అందులోనూ పొడుగు బ్యాగుకు దెబ్బ తగిలితే డ్రైవర్ అనే పొడుగు క్లబ్బు మెడ విరుగుతుంది. నాకు తెలిసిన ఒకాయనకి అలా విరిగింది, ఎయిర్‌లైన్ పరిహారం కోసం తిరిగి తిరిగి వదిలేశారు. బూట్లు, గ్లోవు, టోపీ మాత్రం తీసుకెళ్లండి, అవి సైజు కుదిరినవి కదా.

సిల్క్‌సిటీ (బరంపురం)

నేనూ ఇదే చెప్పబోతున్నాను. అక్కడ గుడ్‌విల్ లాంటి పాత సామాన్ల దుకాణాల్లో ఒక్కో ఐరన్ (ఇనుప తల క్లబ్బు) విడిగా కొద్ది డాలర్లకే దొరుకుతుంది. ప్లే ఇట్ అగైన్ స్పోర్ట్స్ అనే దుకాణాల్లో వాడిన సెట్లు అమ్ముతారు, కొంటారు కూడా. వచ్చేముందు వెనక్కి అమ్మేసి రావచ్చు.

పూర్తి సెట్టు అక్కర్లేదు. రూల్స్ ప్రకారం బ్యాగులో 14 క్లబ్బుల దాకా ఉండొచ్చు, ఉండాలని లేదు. ఒక ఫెయిర్‌వే వుడ్ (దూరం కొట్టే క్లబ్బు), 5, 7, 9 ఐరన్లు, పిచింగ్ వెడ్జ్, శాండ్ వెడ్జ్, పట్టర్. ఈ ఏడుతో నేను ఏళ్ల తరబడి ఆడాను. భుజాన వేసుకోవడానికీ తేలిక. కార్టు (ఎక్కి తిరిగే చిన్న బండి) అద్దె విడిగా కట్టాలి, అది చాలాచోట్ల గ్రీన్ ఫీజులో సగం దాకా పోతుంది. నడవండి. బ్యాగు పెట్టి తోసుకెళ్లే పుష్ కార్ట్ వాడినది ఒకటి కొనుక్కుంటే నాలుగైదు ఆటల్లో డబ్బు తిరిగొచ్చినట్టే. బంతులు కూడా కొత్తవి కొనొద్దు, చెరువుల్లోంచి తీసి కడిగి అమ్మే లేక్ బాల్స్ మనకు చాలు.

జయపురం_మాస్టారు (జయపురం)

ఆట తెలియనివాణ్ణి, కానీ ఒక్క మాట. ఆ వయసులో అన్ని మైళ్లు నడక, ఎండ. అక్కడ ఒంట్లో బాగోకపోతే ఆసుపత్రి బిల్లు మాటేమిటి? మా బావమరిది కొడుకు దగ్గర ఉండగా ఒక్క రాత్రి ఎమర్జెన్సీలో చేరితే వచ్చిన బిల్లు చూసి ఇంటిల్లిపాదీ టెన్షన్ పడ్డారు. ఆదా అంటే అది కూడా లెక్కలో వేసుకోవాలి.

సిల్క్‌సిటీ (బరంపురం)

మాస్టారూ, మంచి మాట అన్నారు. ట్రావెల్ ఇన్సూరెన్సు లేకుండా విమానం ఎక్కకూడదు, గోల్ఫ్ ఆడినా ఆడకపోయినా. పాత జబ్బులు ఎంతవరకు వర్తిస్తాయో పాలసీలో ఆ పేజీ చదివే కొనాలి. పద్దెనిమిది హోల్స్ నడిస్తే ఎనిమిది నుంచి పది కిలోమీటర్లు అవుతుంది. అందుకే మొదటి నెల తొమ్మిది హోల్స్ చాలు. రెండు గంటల పైచిలుకులో అయిపోతుంది, ఫీజూ తక్కువ.

ఇంకోటి ముఖ్యం. లాంగ్ ఐలాండ్ ప్రాంతంలో గడ్డిలో టిక్స్ ఉంటాయి, మన గోమార్లలాంటివి. అవి కుడితే లైమ్ అనే జబ్బు రావచ్చు. బంతి పొడుగు గడ్డిలోకి పోతే వదిలేయండి. నిండు ప్యాంటు, పొడుగు మేజోళ్లు వేసుకోండి. ఇంటికి రాగానే మోకాలి వెనక, నడుం దగ్గర చూసుకోండి. ఉరుముల సైరన్ మోగితే ఆట ఆపి లోపలికి రావాలి, చెట్టు కింద నిలబడకూడదు.

కొరాపుట్_కొండ (కొరాపుట్)

అందరూ డబ్బు కట్టే మార్గాలే చెబుతున్నారు. మా కజిన్ అరిజోనాలో గోల్ఫ్ కోర్సులో ఆట సజావుగా సాగేలా చూసే మార్షల్‌గా వారానికి ఒక పూట పనిచేస్తాడు. జీతం ఉండదు, బదులుగా ఉచితంగా ఆడనిస్తారు. రిటైరైనవాళ్లు చాలామంది ఇలాగే ఆడతారట. అన్నగారూ మాజీ సైనికులు, క్రమశిక్షణ తెలిసినవారు, వెంటనే తీసుకుంటారు.

సిల్క్‌సిటీ (బరంపురం)

దయచేసి ఈ సలహా ఎవరూ పాటించొద్దు. మీ కజిన్ అక్కడి పౌరుడో, గ్రీన్ కార్డు ఉన్నవారో అయ్యుంటారు. వారికి అభ్యంతరం లేదు. మనం వెళ్లేది బి-2, అంటే విజిటర్ వీసా మీద. ఆ వీసా మీద ఉద్యోగం చేయకూడదు. పని చేసి దానికి బదులు ఉచిత ఆట తీసుకుంటే అది జీతం కిందికే వస్తుంది, చేతికి డాలరు రాకపోయినా. రేపు మళ్లీ వీసాకు వెళ్లినప్పుడో, ఎయిర్‌పోర్టులో అధికారి అడిగినప్పుడో ఏమని చెబుతారు? ఇరవై ముప్పై డాలర్ల కోసం మనవళ్లను చూసుకునే దారి మూసుకుపోతుంది. నేను ఇంత గట్టిగా రాయడానికి కారణం అదే.

కొరాపుట్_కొండ (కొరాపుట్)

అలా ఆలోచించలేదు. మా వాడు గ్రీన్ కార్డే. థాంక్స్ అన్నా.

రాయగడ_మిల్లుకాలనీ (రాయగడ)

మా అబ్బాయి నగోయాలో ఉంటాడు, జపాన్ సంగతి చెబుతాను. అక్కడ గోల్ఫ్ ఖరీదే, కానీ వారం మధ్యలో చాలా తగ్గుతుంది. ఆటకు వెళ్లిన ప్రతివారి దగ్గరా గోల్ఫ్ కోర్సు పన్ను అని విడిగా వసూలు చేస్తారు. 70 ఏళ్లు నిండినవారికి, 18 ఏళ్ల లోపువారికి ఆ పన్ను లేదు. పాస్‌పోర్టు చూపించాలి. ఎవరూ మనకు చెప్పరు, మనమే అడగాలి. తొమ్మిది హోల్స్ అయ్యాక భోజనానికి ఆపుతారు, కొన్ని ప్యాకేజీల్లో ఆ భోజనం కలిపే ఉంటుంది. శాకాహారులు ముందే చెప్పుకోవాలి, పులుసులో కూడా చేప ఉంటుంది. ఆ దేశంలో హోల్ ఇన్ వన్ కొడితే, అంటే మొదటి దెబ్బకే బంతి గుంతలో పడితే, తోటివారికి విందు ఇవ్వాలి, కానుకలివ్వాలి. ఆ ఖర్చుకు భయపడి దానికీ ఇన్సూరెన్సు చేసుకుంటారు.

గంజాం_గల్ఫ్ (ఛత్రపురం)

మస్కట్‌లో ఎలక్ట్రీషియన్‌గా ఉన్నప్పుడు మా సూపర్‌వైజరు శుక్రవారాలు ఇసుక కోర్సుకు తీసుకెళ్లేవారు. గడ్డి ఉండదు. చేతిలో చిన్న ప్లాస్టిక్ పచ్చిక ముక్క పట్టుకుని తిరుగుతాం, బంతిని దాని మీద పెట్టి కొట్టాలి. గ్రీన్ (గుంత చుట్టూ ఉండే నున్నటి పచ్చిక) బదులు నూనె కలిపి గట్టిపరిచిన ఇసుక, దాన్ని బ్రౌన్ అంటారు. ఖర్చు ఏమంత ఉండేది కాదు. మాలాంటి పనివాళ్లు ఆడతారని అక్కడే చూశాను. దుబాయ్ వెళ్లేవాళ్లకి ఒక మాట: ఎండాకాలంలో గడ్డి కోర్సుల రేట్లు బాగా పడిపోతాయి. పగలు ఆడితే ప్రాణం మీదికి వస్తుంది, లైట్ల కింద రాత్రి ఆడే కోర్సు చూసుకోండి.

బల్లార్ష_రైల్వే (బల్లార్ష, చంద్రపూర్ జిల్లా)

మా అమ్మాయి న్యూజిలాండ్‌లో నర్సు. వాళ్లది చిన్న ఊరు. అక్కడి పల్లెటూరి గోల్ఫ్ క్లబ్బులో మనిషే ఉండడు. గేటు దగ్గర ఒక పెట్టె ఉంటుంది. కవరు మీద పేరు రాసి, డబ్బు లోపల పెట్టి, పెట్టెలో వేసి ఆడుకోవాలి. ఫెయిర్‌వే (గ్రీన్ దాకా ఉండే గడ్డి దారి) మీద గొర్రెలు మేస్తుంటాయి, అవి గ్రీన్ తొక్కకుండా చుట్టూ కరెంటు తీగ. నేను ప్రతిసారీ కవరు వేసే ఆడాను, ఎవరూ చూడకపోయినా. ఆ ఊరివాళ్లు మనల్ని నమ్మి తలుపు తీసి ఉంచారు, ఆ నమ్మకానికి మనం విలువ ఇవ్వాలి. తర్వాత వచ్చే తెలుగువాళ్ల మర్యాద కూడా అందులో ఉంది.

సునాబేడ_వదిన (సునాబేడ)

ఆడవాళ్ల మాట ఎవరూ రాయలేదు. నేను మా అమ్మాయి దగ్గర టెక్సాస్ వెళ్లినప్పుడు, అరవై దాటాక ఆట మొదలుపెట్టాను. మునిసిపల్ కోర్సుల్లో వారంలో ఒక పొద్దున ఆడవాళ్ల తొమ్మిది హోల్స్ బృందాలు ఉంటాయి. కొత్తవారిని ఆప్యాయంగా కలుపుకుంటారు. ఇంగ్లీషు తడబడినా ఎవరూ పట్టించుకోరు. మన వంతు వచ్చేసరికి తయారుగా ఉండాలి, అంతే వాళ్లు చూసేది. పగలంతా టీవీ ముందు కూర్చుని ఊరు తలుచుకుని ఏడ్చిన రోజులు నాకు తెలుసు. ఆ బృందంలో చేరాక మంగళవారం కోసం ఎదురుచూసేదాన్ని. మహేంద్రతనయ అన్నయ్యగారూ, మా అక్కని కూడా తీసుకెళ్లండి. ఇంట్లో ఒంటరిగా వదిలి మీరొక్కరే వెళ్లొద్దు.

మహేంద్రతనయ (పర్లాకిమిడి)

అమ్మా, మీ మాట ఆవిడకి చదివి వినిపించాను. పట్టింగ్ వరకు అయితే ఆడతానంది. ఆ మాట ఆవిడ నోట వినడం నాకు ఎంతో సంతోషం.

ఇంకో రెండు సందేహాలు. నేను ఒక్కణ్ణే వెళ్తే ఆడనిస్తారా? పాత హ్యాండికాప్ ఏదీ ఇప్పుడు నా దగ్గర లేదు, ఇబ్బందా?

సిల్క్‌సిటీ (బరంపురం)

ఒక్కరే వెళ్తే ఇంకో ఇద్దరో ముగ్గురో ఉన్న గ్రూపులో కలుపుతారు. పైగా ఒంటరివారికే ఖాళీ తొందరగా దొరుకుతుంది. అపరిచితులతో నాలుగు గంటలు నడవడం మొదట బెరుకుగా ఉంటుంది, మూడో హోల్‌కి అందరూ మనవాళ్లే అవుతారు. మునిసిపల్ కోర్సుకు హ్యాండికాప్ అక్కర్లేదు. కావాలంటే అక్కడ ఆన్‌లైన్‌లో ఏదైనా క్లబ్బులో చేరి తీసుకోవచ్చు. 2020 నుంచి ప్రపంచమంతా ఒకటే పద్ధతి, 54 హోల్స్ స్కోర్లు ఇస్తే నంబరు వస్తుంది. గరిష్ఠం 54.0 కాబట్టి కొత్తవాళ్లకీ చోటుంది. బంతి వెతకడానికి మూడు నిమిషాలే, 2019లో అయిదు నుంచి తగ్గించారు. మీరు ఆడిన రోజుల్లో అయిదు ఉండేది కాబట్టి చెబుతున్నాను.

బుకింగ్ యాప్‌లలో జాగ్రత్త. చివరి నిమిషంలో తక్కువ రేటుకు ఇచ్చేవి చాలావరకు రద్దు చేస్తే డబ్బు వెనక్కివ్వవు. వాన పడితే అంతే సంగతులు. ముందు కోర్సు సొంత వెబ్‌సైటులో రేటు చూసి పోల్చండి. వసంతంలో, శరత్తులో గ్రీన్లకు రంధ్రాలు పొడిచి ఇసుక వేస్తారు. ఆ వారం పట్టింగ్ బాగుండదు గానీ చాలా కోర్సులు రేటు తగ్గిస్తాయి. అక్టోబరు పొద్దున్నల్లో గడ్డి మీద మంచు కరిగేదాకా లోపలికి వదలరు, తొందరపడి వెళ్లొద్దు. రానుపోను ట్యాక్సీ పెడితే ఆదా అంతా అక్కడే పోతుంది. అబ్బాయి ఆఫీసు దారిలో దింపగలిగే కోర్సు ఏదో ఇప్పుడే మ్యాపులో చూసుకోండి.

టెక్కలి_దారి (కాశీనగర్)

జర్మనీ వెళ్లేవాళ్లకి ఇవేవీ పనిచేయవు. అక్కడ ప్లాట్స్‌రైఫె అని ఒక పరీక్ష పాసైతేనే మామూలు కోర్సుల్లోకి రానిస్తారు. రూల్స్, మర్యాద, ఆట మూడూ చూస్తారు. నేను చదువుకునేటప్పుడు యూనివర్సిటీ క్రీడావిభాగం శిక్షణ తరగతిలో చేరి తీసుకున్నాను, బయటికన్నా చవక. తర్వాత ఏ క్లబ్బులోనూ చేరకుండా వీసీజీ అనే సంఘంలో సభ్యత్వం తీసుకుంటే చాలాచోట్ల గ్రీన్ ఫీజు కట్టి ఆడనిస్తారు. రెండేళ్లు ఉండేవాళ్లకి ఇది లాభం, రెండు నెలలకి కాదు.

మహేంద్రతనయ (పర్లాకిమిడి)

ఇన్ని వివరాలు దొరుకుతాయని అనుకోలేదు. బ్యాగు ఇక్కడే ఉంచుతున్నాను. వెళ్లేలోగా హైస్కూలు మైదానంలో పొద్దున్నే ప్లాస్టిక్ బంతులతో స్వింగ్ సాధన మొదలుపెడతాను. చివరిగా మనవడి సంగతి. నా పాత ఐరన్ ఒకటి కోసి పొట్టి చేసి తీసుకెళ్తే వాడికి పనికొస్తుందా?

సిల్క్‌సిటీ (బరంపురం)

వద్దు. పెద్దవాళ్ల క్లబ్బు కోస్తే పొడుగు తగ్గుతుంది గానీ తల బరువు అలాగే ఉంటుంది, షాఫ్ట్ (క్లబ్బు కాడ) ఇంకా బిర్రుగా తయారవుతుంది. పిల్లాడు దాన్ని తిప్పలేక ఒళ్లంతా వంచి కొడతాడు, ఆ అలవాటు తర్వాత పోదు. పిల్లల క్లబ్బులు ఎత్తును బట్టి దొరుకుతాయి, పిల్లలు తొందరగా ఎదుగుతారు కాబట్టి వాడినవి దండిగా ఉంటాయి. ఒక 7 ఐరన్, ఒక పట్టర్ చాలు. యూత్ ఆన్ కోర్స్ అనే పథకంలో చేర్పించమని అబ్బాయికి చెప్పండి. అందులో చేరిన కోర్సుల్లో పిల్లలకు ఒక ఆట 5 డాలర్లు లేదా అంతకన్నా తక్కువ. మీ ఇంటికి దగ్గరగా ఏ కోర్సులు అందులో ఉన్నాయో వాళ్ల సైటులో పిన్‌కోడ్ కొడితే చూపిస్తుంది.